బీరువా చిన్నది కావాలంటే ముందు కొనడం ఆపండి

బీరువా తలుపు తీస్తే బట్టలు మీద పడేటంత నిండుగా ఉంటుంది. అయినా పొద్దున్నే దాని ముందు నిలబడి "వేసుకోవడానికి ఏమీ లేదు" అనుకుంటాం. విచిత్రం ఏమిటంటే ఆ మాట అబద్ధం కాదు. ఉన్న బట్టల్లో కొన్ని ఒంటికి నప్పవు, కొన్నింటికి గుండీ ఊడింది, కొన్ని అడుగున ఉండిపోయి మనకు గుర్తే లేవు. వేసుకోగలిగినవి నిజంగానే కొద్ది.

ఈ విషయం మీద సలహా ఇచ్చేవారు చాలామంది మొదట బీరువా మొత్తం మంచం మీద కుమ్మరించమంటారు. నచ్చనివన్నీ సంచుల్లో కుక్కి పంపించేయమంటారు. నేనూ ఒకసారి అలాగే చేశాను. మూడు సంచులు ఇల్లు దాటాయి, రెండు రోజులు ప్రాణం హాయిగా ఉంది. ఏడాది తిరిగేసరికి బీరువా మళ్లీ నిండింది. బట్టలు పోయాయి కానీ కొనే అలవాటు ఎక్కడికీ పోలేదు. అందుకే ఇక్కడ చెప్పే క్రమం వేరుగా ఉంటుంది. ముందు కొనడం ఆపాలి, తర్వాత ఉన్నవి వేసుకోవాలి, ఆ తర్వాత బాగుచేసుకోవాలి. ఏరి తీసేయడం దాదాపు చివర్లో వస్తుంది, కొత్తది కొనడం అన్నిటికన్నా చివర. ఈ వరుస మార్చకండి. నా అనుభవంలో ఫలితమంతా ఈ వరుసలోనే ఉంది.

మొదటి పని: మూడు నెలలు కొనడం ఆపండి

ఈ రోజు తేదీ ఒక కాగితం మీద రాసి, దాని కింద మూడు నెలల తర్వాతి తేదీ రాయండి. నెల రోజులు చాలవా అంటే చాలవు. మొదటి నెల ఆరంభశూరత్వంతో గడిచిపోతుంది, అసలు పరీక్ష రెండో నెలలో మొదలవుతుంది. మినహాయింపులు కూడా అదే కాగితం మీద ఇప్పుడే రాసుకోండి: చిరిగిపోయిన లోదుస్తులు, సాక్సులు, ఉద్యోగానికి తప్పనిసరైన యూనిఫాం, ఎదిగే పిల్లల బట్టలు. ముందే రాసుకోకపోతే మధ్యలో ప్రతి కొనుగోలూ మినహాయింపులాగే కనిపిస్తుంది.

తర్వాత ఫోను చేతిలోకి తీసుకోండి. బట్టలు అమ్మే యాప్‌లు తీసేయండి. దుకాణాల నుంచి వచ్చే సందేశాలు, మెయిళ్లు ఆపేయండి. వెబ్‌సైట్లలో దాచి ఉంచిన కార్డు వివరాలు చెరిపేయండి. ఈ చివరి పనిని తేలిగ్గా తీసుకోవద్దు. కార్డు సంఖ్య మళ్లీ కొట్టాలంటే మంచం మీద నుంచి లేచి, పక్క గదిలో ఉన్న పర్సు వెతికి తెచ్చుకోవాలి. ఆ పది అడుగులు నడిచేలోపే చాలా కోరికలు చల్లారిపోతాయి.

మూడోది, కోరికల చీటీ. ఏదైనా కొనాలని మనసు లాగినప్పుడు మనసును తిట్టుకోకండి, అణచుకోకండి. రాయండి. ఏ వస్తువు, ఏ తేదీ, ఎన్ని గంటలకు, అప్పుడు మీరు ఏం చేస్తున్నారు. నాలుగు మాటలు చాలు. నా చీటీలో మొదటి నెల 14 రాతలు ఉన్నాయి. వాటిలో 9 రాత్రి పదిన్నర దాటాక రాసినవి. పగలంతా పనిలో అలసిపోయి, నిద్రకు ముందు ఫోను తిరగేస్తూ ఉన్న సమయం అది. ఆ వేళ నాకు కావలసింది చొక్కా కాదని, నిద్ర అని ఆ కాగితం చూశాకే తెలిసింది. ఛార్జరును పడకగది బయట పెట్టాను. రెండో నెలలో రాతలు సగానికి పైగా తగ్గాయి.

మీ చీటీ వేరే సంగతి చెప్పవచ్చు. కొందరికి జీతం పడిన రోజున కొనాలనిపిస్తుంది, కొందరికి ఎవరితోనైనా మాట పట్టింపు వచ్చిన రోజున. ప్రయాణానికి ముందు మాత్రమే కొనేవారు ఉంటారు. స్నేహితుల ఫొటోలు చూడగానే తమ బట్టలన్నీ పాతబడినట్టు అనిపించేవారు ఉంటారు. కారణం తెలిస్తే మందు దానికే వేయవచ్చు. తెలియకుండా "ఇక కొనను" అని ఒట్టు పెట్టుకోవడం వల్ల ఆ ఒట్టు తప్పినప్పుడు బాధ తప్ప మరేమీ మిగలదు.

చీటీలో ఇంకొకటి కూడా గమనించండి: ఒక వస్తువు మరో వస్తువును లాగడం. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ తత్వవేత్త డెనిస్ డిడెరో 1769లో దీని గురించి ఒక వ్యాసం రాశాడు. ఇంట్లో వేసుకునే పాత అంగీ స్థానంలో ఆయనకు ఎర్రని కొత్త అంగీ వచ్చింది. దాని పక్కన గదిలోని పాత సామాను వెలవెలబోయింది. గడ్డి అల్లిన కుర్చీ పోయి తోలు కుర్చీ వచ్చింది, ఆ వెనుకే ఒక్కొక్కటిగా మిగతావీ మారాయి. 1988లో గ్రాంట్ మెక్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త ఈ ధోరణికి డిడెరో పేరే పెట్టాడు. కొత్త చొక్కాకు తగిన ప్యాంటు, ఆ ప్యాంటుకు తగిన బూట్లు అంటూ మీ చీటీలో గొలుసు కనిపిస్తే, ఆ గొలుసులో మొదటి వస్తువు ఏదో గుర్తుపట్టండి. ఆగవలసింది అక్కడే.

రెండో పని: ఉన్నవి లెక్కపెట్టి వేసుకోండి

ఒక సాయంత్రం కేటాయించి అన్నీ లెక్కపెట్టండి. ఉతకవలసిన బుట్టలోవి, తలుపు వెనక కొక్కేనికి ఉన్నవి, పెట్టె అడుగున ఉన్నవి కూడా లెక్కలోకి రావాలి. చొక్కాలు ఎన్ని, ప్యాంట్లు ఎన్ని, స్వెటర్లు ఎన్ని అని రకాల వారీగా అంకెలు వేయండి. ఈ రోజు ఏదీ పారేయకూడదు. అంకె చూడటమే ఈ రోజు పని. దాదాపు ఒకేలా ఉన్న నీలం చొక్కాలు ఆరు నా బీరువాలో బయటపడ్డాయి. కొన్న ప్రతిసారీ నాకు నీలం చొక్కా లేదనే నమ్మకంతో కొన్నవే.

ఇప్పుడు హ్యాంగర్లన్నీ తిరగేసి, కొక్కెం మీ వైపు చూసేటట్టు వేలాడదీయండి. వేసుకుని ఉతికిన బట్టను తిరిగి పెట్టేటప్పుడు హ్యాంగరును మామూలుగా తగిలించండి. మడతపెట్టే బట్టలకైతే, ఉతికి వచ్చినవాటిని అరలో కుడివైపు మాత్రమే పెట్టండి. మూడు నెలలు అయ్యేసరికి ఏవి కదిలాయో, ఏవి కదలలేదో కంటికే కనిపిస్తుంది. చలి బట్టలు, వాన బట్టలు, వేడుకలకు వేసుకునేవి మాత్రం ఈ లెక్కలో చేర్చకండి. వాటికి ఏడాది గడువు ఇవ్వడమే న్యాయం.

వేసుకుని, అద్దంలో చూసుకుని, మళ్లీ విప్పేసిన బట్ట మీకు దొరికే గొప్ప గురువు. దాన్ని కుర్చీ మీద పడేసి వెళ్లిపోకండి. ఎందుకు విప్పారో ఒక్క మాట రాయండి. నా దగ్గర ఒక చొక్కాను నాలుగుసార్లు వేసుకుని నాలుగుసార్లూ విప్పాను. రంగు ఇష్టం, బట్ట మెత్తన, అయినా వేసుకుంటే ఏదో తేడా. నాలుగోసారి అద్దం ముందు కాస్త ఆగి చూశాను. భుజం కుట్టు భుజం ఎముక మీద ఉండకుండా అంగుళం కిందికి, చేయి మీదికి జారి ఉంది. చేయి పైకెత్తితే చొక్కా మొత్తం దానితో పాటు లేస్తోంది. నడుము బిగించడం, పొడవు తగ్గించడం దర్జీకి చిన్న పని. భుజం సరిచేయాలంటే చేతులు విప్పి మళ్లీ కుట్టాలి, అది పెద్ద పని. అప్పటి నుంచి ఏ చొక్కా చూసినా నా వేలు ముందు భుజం కుట్టు మీదికే వెళుతుంది.

వేసుకోకుండా వదిలేయడం మీ ఒక్కరి సంగతి కాదు. బ్రిటన్‌కు చెందిన ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2017లో విడుదల చేసిన నివేదిక ప్రకారం అంతకుముందు 15 ఏళ్లలో ప్రపంచంలో బట్టల ఉత్పత్తి దాదాపు రెట్టింపైంది. అదే కాలంలో ఒక బట్టను పక్కన పెట్టేలోపు వేసుకునే సార్లు సగటున 36 శాతం తగ్గాయి. ఈ రెండో అంకెను తిరిగి పైకి తీసుకువెళ్లడం మన చేతిలో ఉన్న పని.

మూడో పని: బాగుచేయండి

కదలని బట్టల్లో కొన్నింటి లోపం ఒక గుండీయో, ఊడిన అంచు కుట్టో అయి ఉంటుంది. పది నిమిషాల పని కోసం నెలల తరబడి అరలో పడి ఉంటాయి. వాటన్నిటినీ ఒక బుట్టలో వేయండి. సూది, నలుపు, తెలుపు, బూడిద, ముదురు నీలం దారాలు, చిన్న కత్తెర అదే బుట్టలో ఉండాలి.

గుండీ కుట్టడం అందరికీ వచ్చనుకుంటాం కానీ, ఎక్కువమంది బట్టకు అదిమిపెట్టి కుడతారు. అది నెలలోపే ఊడుతుంది. ఇలా చేయండి. మూరెడు దారాన్ని రెండు పేటలుగా తీసుకుని చివర ముడి వేయండి. పాత గుండీ ఉన్న చోటనే, లోపలి వైపు నుంచి సూది పైకి తీయండి. గుండీని పెట్టి, దాని మీద రెండు రంధ్రాల మధ్య ఒక అగ్గిపుల్ల అడ్డంగా ఉంచండి. ఆ పుల్ల మీదుగా దారం పోయేటట్టు ప్రతి జత రంధ్రాలకూ నాలుగైదు కుట్లు వేయండి. ఇప్పుడు పుల్ల లాగేస్తే గుండీ కొంచెం వదులుగా పైకి లేస్తుంది. సూదిని గుండీకి, బట్టకు మధ్యలోకి తెచ్చి, ఆ వదులు దారాల చుట్టూ ఐదారు చుట్లు గట్టిగా చుట్టండి. చిన్న కాడలా తయారవుతుంది. సూదిని లోపలికి దించి ముడి వేసి తెంపండి. గుండీ పెట్టుకున్నప్పుడు కాజా ఉన్న బట్ట మందం ఇమిడేది ఆ కాడ ఎత్తులోనే. అందుకే బట్ట ముడతలు పడదు, దారం ఒరుసుకుని తెగదు.

మీకు రాని పనులు దర్జీకి ఇవ్వండి. చివికిన కాలరును విప్పి తిరగేసి కుడితే చొక్కాకు రెండో జీవితం వస్తుంది. ఇది పాత పద్ధతే అయినా చాలామంది మరిచిపోయారు. జిప్పు మార్చడం, మోచేతికి అతుకు వేయడం కూడా అంతే.

ఉతుకు గురించి కొంచెం చెప్పాలి. చాలా బట్టలు వేసుకోవడం కన్నా ఉతకడం వల్లే ముందుగా అరుగుతాయి. ఆరబెట్టే యంత్రం జాలీలో పోగయ్యే నూగు మీ బట్టల్లోంచి ఊడిన నూలే. చెమట పట్టని స్వెటరును, జీన్సును ఒకసారి వేసుకోగానే ఉతకవలసిన పని లేదు, గాలికి ఆరేస్తే చాలు. ఉతికేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పి, జిప్పులు మూసి, చన్నీటిలో వేయండి. ముదురు రంగులు నీడలో ఆరాలి. సాగే దారం కలిసిన బట్టలకు వేడి పనికిరాదు, సాగే గుణమే పోతుంది. ఉన్ని స్వెటర్లను హ్యాంగరుకు వేస్తే భుజాల దగ్గర సాగిపోతాయి, మడతపెట్టి ఉంచండి. కృత్రిమ దారాల బట్టలను తక్కువగా ఉతకడానికి మరో కారణం ఉంది. బ్రిటన్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన పరిశోధన ప్రకారం 6 కిలోల యాక్రిలిక్ బట్టలు ఒక్కసారి ఉతికితే 7 లక్షలకు పైగా సూక్ష్మ పోగులు నీటిలోకి వెళ్లగలవు.

ఉన్ని, పట్టు బట్టలను ఎక్కువ కాలం దాచే ముందు మాత్రం తప్పకుండా శుభ్రం చేయండి. వాటికి చిల్లులు పెట్టేది ఎగిరే చిమ్మట కాదు, దాని పురుగు. చెమట, ఆహారపు మరకలు ఉన్న చోటంటే దానికి మరీ ఇష్టం. పురుగు పట్టిన ఉన్ని దుస్తును ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే పురుగులు, గుడ్లు చస్తాయి.

నాలుగో పని: ఇప్పుడు ఏరండి

మూడు నెలలు ముగిశాయి. హ్యాంగర్లు తామే చెబుతాయి కనుక ఈ పని అనుకున్నంత కష్టం కాదు. కష్టపెట్టేవి రెండు రకాలు. మొదటిది, ఎక్కువ ధర పెట్టి కొని వేసుకోనివి. ఆ డబ్బు కొన్న రోజే పోయింది. బీరువాలో ఉంచినంత మాత్రాన తిరిగి రాదు, పైగా చూసిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. రెండోది, ఒకప్పటి కొలతకు కొన్నవి. ఇక్కడ నా మాట గట్టిగానే చెబుతాను: బట్ట ఒంటికి సరిపోవాలి, ఒళ్లు బట్టకు సరిపోనవసరం లేదు. ఈ రోజు మీరున్న ఒంటికి సరిపోయే బట్టలు ఉండటం మీ హక్కు. ఎటూ తేల్చుకోలేనివాటిని పెట్టెలో వేసి, మూత మీద తేదీ రాసి, ఆరు నెలలు పక్కన పెట్టండి. జ్ఞాపకంగా దాచుకునేవి ఒకటి రెండు ఉంటే వాటి జోలికి వెళ్లకండి.

తీసేసినవాటిని ఎక్కడికి పంపాలి? ముందు, కావాలని అడిగే మనిషిని వెతకండి. అక్కర ఉన్న ఒక్కరికి ఇచ్చిన కోటు, పేరు తెలియని పెట్టెలో వేసిన పది చొక్కాల కన్నా మేలు. బాగున్నవి అమ్మండి. సంస్థలకు ఇచ్చేముందు వారికి ఏవి అవసరమో అడగండి. చిరిగిన నూలు బట్టలు తుడుచుకునే గుడ్డలుగా బాగా పనికొస్తాయి. "దానం చేశాం కదా" అని మనం చేతులు దులుపుకున్న బట్టల్లో చాలా భాగం సముద్రాలు దాటి పోతుంది. ఘనా రాజధాని అక్రాలోని కంటమాంటో సంతకు వచ్చే పాత బట్టల మూటల్లో అమ్ముడుపోనివి చెత్తగా మిగులుతాయి. చిలీలోని అటకామా ఎడారిలో ఇసుక మీద గుట్టలుగా పడి ఉన్నవి కూడా ఇలా చేతులు మారి వెళ్లిన బట్టలే. పాత బట్ట నుంచి మళ్లీ కొత్త బట్ట తయారయ్యేది ఒక శాతం కన్నా తక్కువని ఇందాక చెప్పిన 2017 నివేదికే లెక్కగట్టింది. ఇంట్లోకి రాని బట్టకు ఈ ప్రయాణం ఉండదు. కొనడం ఆపడాన్ని మొదటి పనిగా పెట్టింది ఇందుకే.

ఐదో పని: మీకు ఎన్ని చాలో లెక్క వేయండి

తక్కువ బట్టలతో సరిపెట్టుకునే ఆలోచన కొత్తది కాదు. లండన్‌లో దుకాణం నడిపిన సూజీ ఫో 1970లలో దీన్ని ప్రచారంలోకి తెచ్చింది. అమెరికా డిజైనర్ డోనా కరన్ 1985లో ఒకదానితో ఒకటి కలిసే ఏడు దుస్తులను రూపొందించింది. అమెరికా రచయిత్రి కోర్ట్నీ కార్వర్ 2010లో మూడు నెలలకు 33 వస్తువులు అనే నియమం పెట్టుకుంది. ఈ అంకెలు ఉత్సాహానికి మంచివే కానీ, వేరొకరి అంకె మీకు అచ్చుగుద్దినట్టు సరిపోతుందని అనుకోకండి.

ఉతుకును బట్టి లెక్క వేయండి. వారానికి ఒకసారి ఉతుకుతారు, వారంలో ఐదు రోజులు పనికి వెళతారు అనుకుందాం. ఐదు చొక్కాలు, ఉతికినవి ఆరేలోపు వేసుకోవడానికి రెండు, మొత్తం ఏడు. ప్యాంటు రెండు మూడు రోజులు వేసుకోవచ్చు కనుక మూడు చాలు. ఏడు చొక్కాలూ మూడు ప్యాంట్లకూ నప్పితే 21 జతలు. అదే ప్రతి చొక్కాకూ ఒక్క ప్యాంటే నప్పితే మీకు ఏడు జతలే ఉన్నట్టు. బట్టల సంఖ్య ఒకటే, తేడా అంతా కలయికలో ఉంది. ఇంట్లో వేసుకునేవి, వ్యాయామానికి, వేడుకలకు ఇలాగే విడిగా లెక్కించండి. వారంలో ఎన్ని గంటలు ఎక్కడ గడుపుతున్నారో దానికి తగ్గట్టు బట్టలు ఉండాలి. ఇంటి నుంచే పనిచేసేవారి బీరువాలో సగం ఆఫీసు బట్టలే ఉంటే ఆ అంకె మారాలి.

రంగుల విషయంలో అందరూ నలుపు, బూడిద, తెలుపు అంటారు. నేను ఒప్పుకోను. మూడు నెలల్లో ఎక్కువసార్లు కదిలిన హ్యాంగర్లు చూడండి, మీ రంగులు అక్కడే ఉన్నాయి. వాటిలో రెండింటిని మూలంగా పెట్టుకుని, మీకు ప్రాణమైన రంగు ఒకటి కలుపుకోండి. అది పసుపైనా సరే.

చివరి పని: కొనవలసి వచ్చినప్పుడు

ఒక్క మామూలు నూలు టీషర్టు తయారీకి దాదాపు 2,700 లీటర్ల నీరు పడుతుందని అంచనా. అంత నీటిని మింగిన బట్ట నాలుగు ఉతుకులకే సాగిపోతే అంతా వృథానే. కొనేముందు చూడటానికి ఐదు నిమిషాలు పట్టినా పట్టనివ్వండి.

బట్టను లోపలి వైపుకు తిరగేయండి. కుట్టు అవతల వదిలిన బట్ట అర అంగుళమైనా ఉంటే తర్వాత వదులు చేయించుకోవచ్చు. బొత్తిగా అంచు మీదే కుడితే ఒత్తిడికి పిగిలిపోతుంది. కుట్టుకు అటూ ఇటూ పట్టుకుని మెల్లగా లాగండి. దారాల మధ్య సందులు కనిపిస్తే వదిలేయండి. బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని నేత ఒకేలా ఉందో లేదో చూడండి. కొస పిడికిట్లో నలిపి వదలండి. ఇప్పుడు పడిన ముడతలే వేసుకున్న గంటకు పడతాయి. జేబు మూలలు, జిప్పు అడుగు, రెండు కాళ్లు కలిసే చోటు గట్టిగా ఉండాలి. జీన్సుకు జేబు మూలల్లో రాగి రివెట్లు వచ్చిందే ఇందుకు. జేకబ్ డేవిస్ అనే దర్జీ ఆలోచన అది. 1873 మే 20న బట్టల వ్యాపారి లెవి స్ట్రాస్‌తో కలిసి దానికి పేటెంట్ పొందాడు. తర్వాత లేబుల్ చదవండి. తొట్టి గుర్తు మీద కొట్టివేత ఉండి, పక్కన వలయం ఉంటే ఆ బట్ట ప్రతిసారీ డ్రై క్లీనింగ్‌కు వెళ్లవలసిందే. ఆ ఖర్చు కూడా ధరలో భాగమే.

వేసుకుని నిలబడితే చాలదు. కూర్చోండి, చేతులు పైకెత్తండి, వంగండి. ఇంట్లో ఉన్న ఏ మూడు బట్టలతో అది కలుస్తుందో పేర్లు పెట్టి చెప్పగలగాలి. ధరను, కనీసం ఎన్నిసార్లు వేసుకుంటారో ఆ అంకెతో భాగించండి. రెట్టింపు ధర పెట్టిన కోటు ఐదు రెట్లు ఎక్కువ కాలం వస్తే అదే చవక. అయితే ధర ఎక్కువైతే నాణ్యత ఉన్నట్టేనని నమ్మకండి, కుట్టును నమ్మండి. ఒకరు వాడిన బట్టల్లో దొరుకుతుందేమో ముందు అక్కడ చూడండి. ఎన్నో ఉతుకులు దాటినది కనుక ముడుచుకునేదేదో అప్పటికే ముడుచుకుని ఉంటుంది.

ఏం కొనాలో తేల్చేది కోరికల చీటీయే. గడువు తేదీ నాడు దాన్ని మొదటి నుంచి చదవండి. గుర్తుకు రానివన్నీ కొట్టేయండి. ఇంకా కావాలనిపించినవాటిలో నెలకు ఒకటి చొప్పున మాత్రమే కొనండి. నా చీటీలో మిగిలినవి రెండు: వాన కోటు, గట్టి అడుగున్న నల్ల బూట్లు. కోటు వెంటనే కొన్నాను. బూట్ల కోసం నెల ఆగి, ఈలోగా పాతవాటికి అడుగు వేయించి చూశాను. అవే ఇంకా నడుస్తున్నాయి, కొత్తవి కొనలేదు. చీటీలో ఆ రాత కూడా కొట్టేసి, అదే కాగితం కింద తర్వాతి మూడు నెలల తేదీ రాసుకున్నాను.